అమల్దారు ఒక్కపొద్దు

మా పల్లె, బాగేపల్లి తాలూకా
ఆషాఢం మొదటి వారం

చింతామణి టమాట మండీలో ముప్పై ఏళ్ళు బాగున్న కాయ పైన, మెత్తబడిన కాయ కింద పేర్చి ఇల్లు కట్టిన శ్రీమాన్ శ్రీనివాసమూర్తిగారికి, వారి బావ కొండప్ప నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. కాగితం తీశాను, మళ్ళీ పెట్టేశాను. ఒక కుక్కను గురించి ఇద్దరు పెద్దమనుషులు పోస్టాఫీసుకు పని కల్పించడమేమిటి అనిపించింది. కానీ నవ్వును కడుపులో దాచుకుంటే వాయువు అవుతుందని మీ అక్క అంటుంది. నా వయసుకు ఉన్న వాయువు చాలు.

మన మధ్య మాటలు లేవు. నీ కొత్త ఇంటి గృహప్రవేశం రోజు నేను నలుగురిలో, ‘ఇల్లు బాగుండాది మూర్తీ, సోఫాలకు జాగా ఉండాది, షోకేసులకు జాగా ఉండాది, మనుషులు యాడ కూర్చుంటారప్పా’ అని అడిగాను. నువ్వు గడిదం వెంకటరమణస్వామి మీద ఒట్టు వేసి ఇక నాతో మాట్లాడనన్నావు. నేనూ అదే స్వామి మీద అదే ఒట్టు వేశాను. ఆ తర్వాత కదా తెలిసింది, నిన్ను తిట్టకుండా నాకు పొద్దుపోదని. ఒట్టు నోటికే గాని చేతికి కాదని శాస్త్రం నేనే కనిపెట్టి ఉత్తరాలు మొదలుపెట్టాను. నువ్వూ జవాబులు రాస్తున్నావు కాబట్టి ఆ శాస్త్రం నీకూ ఒప్పుదలే.

ఇక విషయం. చింతామణి నుంచి శెనక్కాయ విత్తనానికి వచ్చిన ఒకాయన మా టీ అంగట్లో చెప్పాడు. మీ మనవరాలు నేత్ర పెంచుకునే తెల్లకుక్క, ఆ దూదిమూట, ఒక పూట అన్నం ముట్టలేదట. నువ్వు దాన్ని శాలువాలో చుట్టి, ఆటో ఎక్కించి, డాక్టరు దగ్గరికి తీసుకుపోయావట. ఒక్క పూటకు. మా తాతకు జట్కా గుర్రం ఉండేది. అది గడ్డి ముట్టకపోతే ఆయన దాని ఎదురుగా కూర్చొని ఆ గడ్డి తనే నమిలేవాడట. రోషానికి గుర్రం తినేసేది. ఇది నిజమా అని అడగొద్దు. మా తాత చెప్పినవాటిలో ఇదే కాస్త నమ్మదగినది.

మా ఇంట్లోనూ ఒక కుక్క ఉంది, నీకు తెలుసు. అమల్దారు అని ఎందుకు పేరు పెట్టానంటే, పాతకాలం తాలూకా అధికారి మాదిరి పొద్దున లేచి అరుగు మీద పడుకొని మిగతావాళ్ళు పనిచేస్తుంటే చూస్తాడు, ముందర ఏదైనా పెడితేగాని లేవడు. వాడికి ఇన్నేళ్ళలో సంగటి, మజ్జిగ తప్ప వేరే మందు తెలియదు. ఈ సంగతి టీ అంగట్లో ఇరవైమంది ముందు చెప్పాను. ‘కుక్కను ఆస్పత్రికి మోసేవాడు నా ఇంట్లో పుట్టల్యా’ అన్నాను. చాలాసేపు నవ్వారు. నువ్వు ఉండి ఉంటే బాగుండేది.

ఇట్లు,
కొండప్ప


చింతామణి
ఆషాఢం, మంగళవారం

బావకు,

ఉత్తరం అందింది. టమాట సంగతి అబద్ధం. నేను పేర్చలేదు, కూలివాళ్ళు పేర్చేవాళ్ళు.

శాలువా కాదు, తువ్వాలు. నవ్వేవాళ్ళకు తేడా ఉండదు గాని తెలిసి నవ్వితే మేలు.

డాక్టరు చెప్పింది రాస్తాను, నీకు పనికి రాదని తెలిసే రాస్తున్నాను. ఒక పూట తినకుండా, ఎప్పటిలాగా తిరుగుతూ నీళ్ళు తాగుతూ ఉంటే చూస్తూ ఉండొచ్చు. ఒక రోజు దాటితే చూపించాలి. వాంతులు, బేదులు, మూలన ముడుచుకొని పడి ఉండడం, నీళ్ళు కూడా వద్దనడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే పోవాలి. కుక్కపిల్లకు, ముసలి కుక్కకు అయితే అసలు ఆగకూడదు. తిండి దగ్గరికి ఆశగా వచ్చి తినలేక పోతుంటే నోరు తెరిచి చూడాలి. పళ్ళో, గొంతో అయి ఉంటుంది.

మా కుక్కకు ఏ జబ్బూ లేదని తేలింది. ఎందుకు తినలేదన్నది ఇంటి విషయం, ఇక్కడ రాయాల్సిన పని లేదు.

అక్క మోకాలు ఎట్లా ఉందో రాయలేదు. నీ తాత గుర్రం గురించి అర పేజీ రాశావు.

శ్రీనివాసమూర్తి


మా పల్లె
శ్రావణం, మొదటి సోమవారం

గౌరవనీయ కుక్కల వైద్యులు శ్రీనివాసమూర్తిగారికి,

మీ అక్క మోకాలు బాగుంది. శ్రావణ శనివారమని మొన్న ఒక్కపొద్దు ఉండి, ఆ మోకాలితోనే తెల్లవారకముందు ఇల్లంతా కడిగింది. నన్ను కూడా ఉండమంది. నేను నాలుగు దోసెలు తిని ఉన్నాను.

నీకు ఒక మంచివార్త. మా అమల్దారు కూడా ఒక్కపొద్దు పట్టాడు.

జరిగింది జరిగినట్టు చెప్తాను. శనివారం పొద్దున మీ అక్క సంగటిముద్ద కలిపి వాడి గిన్నెలో వేసింది. వాసన చూశాడు, వెనక్కు జరిగాడు, అరుగు కింద పోయి పడుకున్నాడు. మా పక్కింటి మునిరత్నమ్మ పూలు అడగడానికి వచ్చి అది చూసింది.

‘ఏమప్పా కొండప్పా, అమల్దారు తినల్యా?’

నేను పేపరు చదువుకుంటున్నాను. తల ఎత్తకుండానే అన్నాను, ‘శనివారం కదమ్మా. ఒక్కపొద్దుండాడు.’

అంతే నేను అన్నది. ఈ తాలూకా పుట్టినప్పటి నుంచి తినని అమల్దారును ఎవరూ చూసి ఉండరని కూడా అనబోయాను, కానీ మునిరత్నమ్మ అప్పటికే చెంపలు వేసుకుంటోంది. సాయంత్రానికి వీధి వీధంతా వచ్చింది. ఆమె పళ్ళెంలో కర్పూరం తెచ్చింది. వాడి నుదుట నామం పెట్టింది, మూడు గీతలూ సరిగా వచ్చాయి. నా పెళ్ళిలో పురోహితుడు నాకు అంత శ్రద్ధగా పెట్టలేదు. వాడు కదలకుండా పెట్టించుకున్నాడు. మామూలుగా మునిరత్నమ్మను చూస్తే అరిచేవాడు.

నేను చేసినది ఏమీ లేదు. ఒక మాట విసిరాను, అది పోయి గుడి కట్టుకుంది. మన జనానికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు మూర్తీ, ఎగతాళి చేస్తే చాలు.

ఆదివారం కొంచెం మజ్జిగ తాగాడు. ఈ రోజు కూడా తాగాడు. బాగున్నాడు.

కొండప్ప


చింతామణి
శ్రావణం, గురువారం

బావా,

రెండు పేజీలు రాశావు. నామంలో గీతలు ఎన్నో రాశావు. ఆదివారం, సోమవారం వాడు సంగటి తిన్నాడా లేదా అన్నది రాయలేదు. మజ్జిగ తాగాడని రాశావు. మజ్జిగ తిండి కాదు.

అడుగుతున్నాను, జవాబు రాయి. ఎప్పటి నుంచి తినడం లేదు? శనివారం నుంచేనా, అంతకు ముందు నుంచా? నీళ్ళు తాగుతున్నాడా? తిరుగుతున్నాడా, పడి ఉన్నాడా? తిండి వద్దంటున్నాడా, కావాలని వచ్చి తినలేకపోతున్నాడా?

అక్కకు ఫోన్ చేశాను. ‘నన్నడగొద్దు మూర్తీ. కుక్క ఆయప్పది, నోరు ఆయప్పది. ఆయప్పనే అడుగు’ అని పెట్టేసింది. అక్క అంత చిన్నగా మాట్లాడడం నేను వినలేదు. ఏం జరిగింది?

ఈ ఉత్తరానికి పోస్టులో రెండు రోజులు పడుతుంది. నీ జవాబుకు ఇంకో రెండు రోజులు. నీకు ఒట్టు ఉంది, నాకూ ఉంది. కుక్కకు లేదు.

మూర్తి


మా పల్లె
శ్రావణం, రెండో ఆదివారం

చిరంజీవి మూర్తికి,

పోలీసు స్టేషన్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు. అక్కడ కనీసం కూర్చోమంటారు.

నీళ్ళు తాగుతాడు. మజ్జిగ తాగుతాడు. అంబలి పల్చగా చేస్తే అదీ నాకుతాడు. ఒక్కపొద్దులో పాలూ మజ్జిగా తప్పు కాదని మునిరత్నమ్మ తీర్పు చెప్పింది. నిన్న రెండో శనివారం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. భజన చేసే ఆదినారాయణప్ప హార్మోనియం తెచ్చి వాడి ముందర పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన గొంతు విన్నాక ఏ ఆరోగ్యవంతమైన కుక్క అయినా లేచి పోవాలి. వీడు లేవలేదు.

ఎవరో అరటిపండ్లు తెచ్చారు, ఎవరో చిన్న హుండీ పెడదామన్నారు. హుండీ అన్నవాడిని తరిమాను. నా ఎగతాళికి కూడా ఒక హద్దు ఉంది.

ఈ మధ్య కళ్ళజోడు మార్పించుకోవడానికి చిక్కబళ్ళాపురం పోయి వచ్చాను. కొత్త అద్దాల్లో అన్నీ దగ్గరగా కనిపిస్తున్నాయి. మెట్టు ఎక్కడ ఉందో తెలియక తడబడుతున్నాను. డాక్టరు అలవాటవుతుందన్నాడు. అలవాటు కానిది ఏముంది. మొదట్లో నీ చెల్లని మాటలు కూడా అలవాటు కాలేదు.

వాడు తిండి వద్దనడు మూర్తీ. సంగటి కలిపే చప్పుడు వింటే అరుగు కింద నుంచి పరుగెత్తి వస్తాడు. మూతి పెడతాడు. పెట్టి, వెనక్కు లాగి, నా మొహం చూస్తాడు. మళ్ళీ పెడతాడు. నోటి నుంచి చొంగ కారుతుంది. భక్తి పారవశ్యమని మునిరత్నమ్మ అంటుంది. ముందుకాలితో మూతి గీరుకుంటున్నాడు, అస్తమానం. స్వామికి దండం పెడుతున్నాడని ఆమె అందరినీ పిలిచి చూపిస్తోంది. నిన్న ఒక ముసలామె ఆ దండం చూసి ఏడ్చింది.

నోరు కొంచెం వాసన వస్తోంది. వానాకాలం కదా, అన్నీ వస్తాయి.

మీ అక్కకు ఏమీ జరగలేదు. మొన్న సోమవారం, నీకు ఉత్తరం పోస్టు చేసి ఇంటికి వస్తే, ‘బాగేపల్లికి తీస్కపోదామా ఆ మూగజీవాన్ని’ అంది. ‘ఎందుకు, మీ తమ్ముని మాదిరి శాలువా కప్పి ఊరేగించేకా’ అన్నాను. టీ అంగట్లో నేను ఏమన్నానో ఊరికంతా తెలుసు కదా. ఆ తర్వాత ఆమె ఏమీ అనలేదు. మాటకు మాట చెప్పే మనిషి, ఏమీ అనడం లేదు.

చెప్పాల్సినవన్నీ చెప్పాననుకుంటాను. నడుము దగ్గర ఎముకలు కొంచెం తెలుస్తున్నాయి.

కొండప్ప


చింతామణి
శ్రావణం, మంగళవారం

బావా,

పోస్టులో అయితే ఆలస్యమని ఇది బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నవ్వు రాలేదు.

అది దండం కాదు. నోట్లో ఏదో ఉంది. నేను ఆషాఢంలోనే రాశాను, చదివి పొయ్యిలో వేసి ఉంటావు.

నిన్ను అడ్డుకుంటున్నది వెంకటరమణస్వామి కాదు, మునిరత్నమ్మ కాదు. ఇరవైమంది ముందర నన్ను ఎగతాళి చేసి, అదే పని నువ్వు చేయడానికి సిగ్గు. అంతే. దానికి నామం పెట్టి పూజ చేస్తున్నారు.

ఇప్పుడు నేను రాసేది నువ్వు చదివి ఎవరికీ చెప్పవని అనుకోను. అయినా రాస్తాను. మా దూదిమూట ఆ రోజు ఎందుకు తినలేదో చెప్తాను.

నాకు చక్కెర జబ్బు. ఇంట్లో అన్నం కొలిచి పెడతారు, స్వీటు చూపించరు. పొద్దున నడకకు పోతాను కదా, కుక్కను తీసుకొని. మా వీధి చివర బేకరీ ఉంది. వేడి బన్ను తీస్తాడు, వెన్న రాసి, చక్కెర చల్లి. నేను సగం తింటాను. కుక్క అరవకుండా ఉండడానికి మిగతా సగం దానికి పెడతాను. ఆ రోజు సగం సగం కాదు, ఇద్దరం మూడేసి తిన్నాం. కుక్క రాత్రి అన్నం ముట్టలేదు. నేను కూడా ముట్టలేదు, నన్ను ఎవరూ అడగలేదు. నేత్ర ఏడ్చింది. ఆటో ఎక్కాం. డాక్టరు కడుపు నొక్కి చూసి, నా కోడలిని, నా మనవరాలు వింటుండగా, ‘మీరు కాకుండా దీనికి ఇంకెవరు తిండి పెడుతున్నారు’ అని అడిగాడు. కుక్క నా వైపు చూసింది.

ఇప్పుడు నడకకు కోడలు కూడా వస్తోంది. చెప్పుకో పో, టీ అంగట్లో.

అయినా బావా, ఆ డాక్టరు ముందు నా పరువు పోయిన దానికంటే, ఏమీ లేదని విన్నప్పుడు కలిగిన సంతోషమే ఎక్కువ. ఇంకేమీ రాయను దాని గురించి.

గురువారం బాగేపల్లిలో నాకు పెళ్ళి ఉంది. ఎవరి పెళ్ళి అని అడగొద్దు. పొద్దున పదికి పశువుల ఆస్పత్రి గేటు ముందర నిలబడి ఉంటాను. మీ ఊరివాళ్ళకు నీకు తోచింది చెప్పుకో. గడిదానికి స్వామి దర్శనానికి తీసుకుపోతున్నానని చెప్పు. భక్తుడు కదా, పోకుండా ఎట్లా. నేను నీతో మాట్లాడను, భయపడాల్సిన పని లేదు.

మూర్తి


మా పల్లె
శ్రావణం, బుధవారం

మూర్తీ,

ఈ కార్డు నేను ఆస్పత్రికి చేరిన తర్వాతే నీకు చేరుతుంది. అయినా రాస్తున్నాను. వస్తున్నాను.

మూడు బన్నులా.

కొండప్ప


మా పల్లె
శ్రావణం చివర

మూర్తికి,

నువ్వు చింతామణికి పోయి ఆ గురువారం గురించి నీ పద్ధతిలో అందరికీ చెప్పి ఉంటావు. అందుకని నా పద్ధతిలో నేను రాసి పెడుతున్నాను. రేపు ఎవరైనా అడిగితే రెండూ పక్కన పెట్టుకొని చదువుతారు.

నువ్వు చూడనిది మొదట చెప్తాను. గడిదానికి దర్శనమని ఊళ్ళో చెప్పాను. చెప్పకుండా దొంగలా పోయి ఉంటే మేలు. ఆటో వచ్చి నిలబడగానే దానికి మామిడాకులు కట్టారు. మునిరత్నమ్మ అమల్దారుకు స్నానం చేయించి, కొత్త నామం పెట్టి, కనకాంబరాల మాల వేసింది. కొబ్బరికాయలు ఒక బుట్టెడు ఇచ్చారు, తలా ఒకటి, వాళ్ళ పేర్న కొట్టమని. ఆదినారాయణప్ప ఆటోలో తనూ ఎక్కబోయాడు. కుక్కకు గాలి ఆడదని చెప్పి దింపాను. వాడిని నేను ఎత్తి కూర్చోబెట్టాను మూర్తీ. పోయిన ఏడు వాడిని బావి గట్టు మీద నుంచి లాగేటప్పుడు నా నడుము పట్టేసింది. ఈసారి ఒక చేత్తో ఎత్తాను.

మీ అక్క వాకిట్లో నిలబడింది. వాడి గిన్నె కడిగి బోర్లించి పెట్టింది.

తర్వాతది నువ్వూ చూశావు. గేటు దగ్గర పెళ్ళికి వచ్చినవాడిలా పట్టుపంచె కట్టుకొని నిలబడ్డావు. అబద్ధానికి ఇస్త్రీ కూడా చేశావు. మాట్లాడుకోకుండా, వాడిని చెరో వైపు పట్టుకొని లోపలికి పోయాం. డాక్టరమ్మ వినుత, మన నేత్ర కంటే నాలుగేళ్ళు పెద్దది ఉంటుందేమో, బల్ల మీద పూలదండతో ఉన్న కుక్కను చూసి పెన్ను కింద పెట్టింది.

‘ఊట బిట్టు ఎష్టు దిన ఆయ్తు?’ అని కన్నడంలో అడిగింది, తిండి మానేసి ఎన్ని రోజులైందని.

‘నాలుగైదు దినాలమ్మా’ అన్నాను.

నువ్వు గోడ వైపు తిరిగి అన్నావు, ‘డాక్టరమ్మా, రెండు వారాలని రాసుకోండమ్మా. ఆయప్పకు లెక్క రాదు.’

‘ఆ గోడ దగ్గరుండే ఆయన ఎవరో నాకు తెల్దమ్మా. ఆయన మాట పట్టించుకోవద్దండి.’

‘తెల్దంటే చెప్పండమ్మా, ఆయప్ప పెండ్లాము నాకు సొంత అక్కని.’

‘అక్క మంచిదేనమ్మా. ఇంట్లో ఒక్కరు మంచిగుంటే అందరూ ఉంటారా.’

ఆ పిల్ల ఇద్దరినీ ఒకసారి చూసింది. ‘తాతగార్లూ, మీ ఇద్దరిలో కుక్క ఎవరిదో వాళ్ళు మాత్రం మాట్లాడండి. రెండోవాళ్ళు కాళ్ళు పట్టుకోండి’ అని తెలుగులోనే చెప్పింది. నువ్వు కాళ్ళు పట్టుకున్నావు.

మత్తు సూది వేసి, నోరు తెరిచి, లైటు వేసి చూసింది. అంత సేపు పట్టలేదు. పటకారుతో పట్టి తీసి పళ్ళెంలో వేస్తే టంగుమంది. గొర్రె ఎముక. పై పళ్ళ వరసల మధ్య అడ్డంగా, గుడి తలుపుకు గడియ వేసినట్టు ఇరుక్కొని ఉంది. దాని చుట్టూ చీము. రెండు పళ్ళు దానితోబాటు ఊడి వచ్చాయి.

‘ఇన్నొక వారం ఆగిండితే దవడకు పట్టేది తాతా. ఆ తర్వాత చిక్కబళ్ళాపురానికి తీస్కపోయినా కష్టమే’ అంది. కడుగుతూ కడుగుతూ, నామం వైపు చూసి, ‘శ్రావణంలో గొర్రె ఎముక ఎవరు వేసింది దీనికి?’ అని అడిగింది.

నాకు ఆ ఎముక తెలుసు. శ్రావణం వస్తే నెలంతా ఇంట్లో మాంసం వండరని అమావాస్యకు ముందురోజు మీ అక్కతో కూర చేయించుకొని కడుపు పట్టనంత తిన్నాను. మూలుగ పీల్చి, ‘పట్టరా అమల్దారూ, మళ్ళీ నెలకు గాని లేదు’ అని నా పళ్ళెంలోంచి నేనే విసిరాను. వాడు గాల్లోనే పట్టాడు. ఎంత బాగా పట్టాడో అని నవ్వాను కూడా.

అది నీకూ అర్థమైంది. నా మొహం చూస్తే అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది. అంత మంచి సమయం నీకు జన్మలో మళ్ళీ రాదు. నువ్వు పోయి గోడ మీద గాలికుంటు వ్యాధి గురించి అతికించిన కాగితం మొత్తం చదివావు. నీకు ఆవు లేదు, దూడ లేదు.

రోజూ సూది వేయించడానికి బాగేపల్లికి తీసుకుపోయాను, భుజం మీద వేసుకొని, టీ అంగడి ముందు నుంచే. మొదటి రోజు అందరూ లేచి నిలబడ్డారు. నాకు కాదు.

ఆ గురువారం ఇంటికి వచ్చాక జరిగింది చెప్తాను. ఎముకను కాగితంలో చుట్టి తెచ్చి మీ అక్క ముందర పెట్టాను. చూసింది.

‘మూడో దినమే తెలుసు నాకు, నోట్లో ఏమో ఉండాదని’ అంది.

‘తెలిసి ఏల తీస్కపోలేదు?’

‘నేను తీస్కపోయిండి, ఏమీ లేదని చెప్పిండితే, చచ్చేదాకా చెప్పుకొని నవ్వేవాడివి. మా తమ్ముడిది ముప్పై ఊళ్ళకు చెప్పినావు. జ్వరమొస్తే మా నాయన నాకు మంత్రసాని చెప్పిన కషాయం తాపినాడని పెండ్లయిన కొత్తలో చెప్పినావు, ఇప్పటికీ చెప్తాండావు. నీ ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా నీకు ఒక కథ అయితాదని ఎవరూ నోరెత్తరు. కుక్క కూడా ఎత్తల్యా.’

చేటలో రాళ్ళు ఏరుతూ చెప్పింది, కోపంగా కూడా కాదు. నేను జవాబు వెతికాను. నాలుగు దొరికాయి. నాలుగూ నవ్వు పుట్టించేవే. ఒకటీ చెప్పలేదు.

ఊరికి నిజం చెప్పాలని మునిరత్నమ్మ ఇంటికి పోయాను. ఇట్లా ఎముక ఇరుక్కుంది, డాక్టరమ్మ తీసింది, నేను ఒక్కపొద్దు అన్నది ఎగతాళికి అన్నాను అని మొత్తం చెప్పాను. ఆమె చేతులు కడుక్కొని వచ్చి విన్నది.

‘స్వామి విషయంలో కూడా ఏల ఇట్ల మాట్లాడ్తావప్పా కొండప్పా’ అంది.

‘ఇదిగో ఎముక.’

‘ఎముక యాడన్నా దొరుకుతాది. గడిదానికి పోయి వచ్చినాక ఒక్కపొద్దు తీరిండాది. మొక్కు తీరిండాది వానికి. అంతే కదా.’

ఆదినారాయణప్ప అయితే తన కొబ్బరికాయ కొట్టానా లేదా అని మాత్రం అడిగాడు. కొట్టాను, నిజంగానే. తిరుగుదారిలో ఆటో గడిదానికి తిప్పి, మత్తులో ఉన్న కుక్కను ఆటోలో పడుకోబెట్టి, అందరి పేర్లూ చదివి కొట్టించాను. డ్రైవరు సాక్షి. దాన్ని మాత్రం అందరూ నమ్మారు. డెబ్బై ఏళ్ళు ఏది పడితే అది చెప్పి నవ్వించిన నోటితో ఒక ఎముక నిజమని చెప్తే ఎవరూ నమ్మడం లేదు మూర్తీ. ఇదే నువ్వు చెప్పి ఉంటే నమ్మేవారు. నీకు హాస్యం తెలియకపోవడంలో ఇంత లాభం ఉందని నాకు ముందు తెలియదు.

ఆ వచ్చిన ఆదివారం మీ అక్క సంగటిని మజ్జిగలో పల్చగా పిసికి పెట్టింది. వాడు చాలాసేపు వాసన చూశాడు. ఒక పక్కకు తల వంచి, మిగిలిన పళ్ళ వైపు నుంచి తిన్నాడు. సగం తిన్నాడు. మీ అక్క లోపలికి పోయి గట్టిగా ముక్కు చీదింది. నేను పేపరు చదివాను, తలకిందులుగా పట్టుకోలేదు గాని ఏం చదివానో చెప్పలేను. ఇప్పుడు మొత్తం తింటున్నాడు. మునిరత్నమ్మను చూసి మళ్ళీ అరుస్తున్నాడు. ఆమె దాన్నీ ఆశీర్వాదమే అంటోంది.

ఇంకొకటి. మునిరత్నమ్మ వాళ్ళకు ఒక కుక్కపిల్ల ఉంది, కళ్ళు తెరిచి రెండు నెలలైనా కాలేదు. నిన్న పొద్దున నుంచి పాలు ముట్టకుండా మూలన ముడుచుకొని ఉంది. ఆమె నామం కలుపుతోంది. నేను పిల్లను తీసుకొని సంచిలో వేసుకొని బస్సెక్కి బాగేపల్లికి పోయాను. కడుపులో పురుగులని చెప్పి డాక్టరమ్మ మందు పోసి, ఒక సూది వేసింది. సాయంత్రానికి ఇంటికి వచ్చాం. బస్సులో కండక్టరు సంచిలోకి తొంగి చూసి దానికీ ఒక టికెట్ కొట్టాడు. తీసుకొని జేబులో పెట్టుకున్నాను.

కొండప్ప